గజం మీద ఎర్ర గుర్తు

మా ఇంట్లో కూరలో ఉప్పూ, తుపాకీలో మందూ రెండూ నా చేతి కొలతే. ఈ మాట ఇన్నాళ్ళూ బయట అనలేదు. లైసెన్సు మా ఆయన పేరు మీద ఉండేది. చట్టం ప్రకారం ఆ తుపాకీని ఆయన తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. అయినా పదకొండేళ్ళు దాన్ని తుడిచిందీ, దట్టించిందీ నేనే. ఇప్పుడు తుపాకీ లేదు, లైసెన్సూ లేదు. దాచుకోవలసింది ఏమీ మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను.

మాది ఆత్రేయపురానికి దగ్గర్లో గోదావరి గట్టు వార ఊరు. మా ఆయన మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. లంకలో మాకు రెండున్నర ఎకరాలుంది. అందులో కంద, అరటి వేసేవాళ్ళం. కంద ఊరే కొద్దీ అడవి పందులు దిగుతాయి. ఒక్క పూటలో నాలుగు వరసలు కుళ్ళగించి పోతాయి. పంట కాపలాకని మా మామగారి కాలంలో తీసుకున్న నాటు తుపాకీ అది. మా ఆయన దాంతో ఏ పందినీ చంపలేదు. తెల్లవారుతూనే గట్టు దిగి, లంకలోకి వెళ్ళి, ఆకాశంలోకి ఒకటి పేల్చి వచ్చేవారు. ఆ చప్పుడుకి పందులు రెండు మూడు రోజులు అటు రావు. తర్వాత మళ్ళీ వస్తాయి. ఆయన మళ్ళీ వెళతారు. రిటైరైనా ఆయన డ్యూటీ మానలేదని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఇలాంటి తుపాకీకి కొన్న తూటాలు ఉండవు. గొట్టం మూతిలోంచి మందు పోసి, దాని మీద కొబ్బరి పీచు ఉండ కుక్కి, ఆ పైన సీసపు గుళ్ళు వేసి, అవి దొర్లిపోకుండా మళ్ళీ కాస్త పీచు పెట్టాలి. ఆ కుక్కే కడ్డీని గజం అంటారు. గొట్టం కిందే దానికో చోటుంటుంది. మా గజం మీద ఒకచోట రంపంతో కోసిన గాటు ఉండేది. పీచు దిగి దిగి మందును ఆనుకుని కూర్చున్నప్పుడు ఆ గాటు సరిగ్గా గొట్టం మూతికి వస్తుంది. గాటు ఇంకా పైనే ఉందంటే పీచు మధ్యలో ఎక్కడో ఆగిందన్నమాట. మందుకీ పీచుకీ మధ్య ఖాళీ మిగిలితే తుపాకీ ముందుకు పేలదు, పక్కకి పేలుతుంది. మా మామగారు మా ఆయనకి చెప్పిందీ, మా ఆయన నాకు చెప్పిందీ ఒకటే మాట. "చెయ్యి అబద్ధమాడుద్ది. గుర్తు ఆడదు."

ఆయన కంటికి రాజమండ్రిలో శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఈ పని నా చేతికి వచ్చింది. నెలరోజులు తల వంచకూడదని డాక్టరు చెప్పారు. పందులు నెలరోజులు ఆగవు కదా. ఆయన మంచం మీద కూర్చుని చెబుతుంటే నేను వసారాలో పీట వేసుకుని దట్టించాను. కన్ను బాగైనా పని మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో ఆడవాళ్ళ చేతికి ఒకసారి వచ్చిన పని వెనక్కి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. అయినా నిజం చెప్పాలంటే నాకది ఇష్టంగానే ఉండేది. పీచు దువ్వి, ఉండ చుట్టి, గాటు మూతికి చేరేదాకా మెల్లగా దించుతుంటే మనసు ఎటూ పోయేది కాదు.

వసారాలో వెలుతురు తక్కువ. గాటు సరిగ్గా కనబడేది కాదు. పాలకొల్లు వెళ్ళినప్పుడు ఎర్రటి గోళ్ళరంగు సీసా ఒకటి కొనుక్కొచ్చి, ఆ గాటు చుట్టూ ఉంగరంలా పూశాను. మా ఆయన తెగ నవ్వారు.

"నీ గోళ్ళకి లేని సోకు గజానికొచ్చిందే!" అన్నారు.

"గోళ్ళు పేలవు కదండీ" అన్నాను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. అంత తెలిసినదాన్ని, అంత మాట అన్నదాన్ని, నేనే ఆ పని చేశాను.

ఎన్నికలొచ్చాయంటే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. ఓట్లు లెక్కపెట్టి, కోడ్ ఎత్తేశాక తిరిగిస్తారు. ఇది మాకు అలవాటే. ఆ ఏడూ మా ఆయన తుపాకీని గోనెసంచిలో చుట్టి తీసుకెళ్ళి ఇచ్చి, రసీదు తెచ్చుకున్నారు. రెండు నెలలు దాటాక కబురొస్తే వెళ్ళి తెచ్చారు. అక్కడ గదిలో నలభై దాకా తుపాకులు గోడకి చేరేసి ఉన్నాయట. లోపల మందు ఉందో లేదో చూడడానికి గజాలన్నీ లాగి చూశారట. చూశాక ఏది పడితే అది, పట్టిన దాంట్లో దోపేశారట.

"చూసుకుని తీసుకోండి మాస్టారూ అన్నాడు కానిస్టేబులు. నెంబరు చూసుకున్నాను, తెచ్చేశాను" అన్నారు ఇంటికొచ్చి. నెంబరు గొట్టం మీద ఉంటుంది. గజానికి నెంబరు ఉండదు.

ఆ సాయంత్రం నేను తుపాకీ తుడవడానికి కూర్చున్నాను. గజం లాగాను. గాటు ఉంది. ఎర్ర రంగు లేదు.

నేను ఇక్కడ కొంచెం ఆగాలి. తర్వాత జరిగినదంతా ఈ ఒక్క నిమిషంలోంచి వచ్చింది. గజాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. కాస్త పొట్టిగా ఉందేమో అనిపించింది. రెండు నెలలు ఎవరెవరి చేతుల్లోనో పడి రంగు రాలిపోయి ఉంటుందని అనుకున్నాను. గోళ్ళ మీదే వారం ఉండదు, ఇనుము మీద ఎంతకాలం ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇది మనది కాదేమో అన్న మాట మనసులోకి రాకపోలేదు. వచ్చింది. మనది కాదంటే మళ్ళీ ఆయన్ని స్టేషనుకి పంపాలి, ఆ నలభై గజాల్లో వెతకాలి, అప్పటికే కందలో పందులు పడి నాలుగు రోజులైంది. గూట్లో సీసా తీసి, రంగు చిక్కబడితే మూత కొట్టి కలిపి, ఆ గాటు చుట్టూ కొత్తగా పూశాను. ఆరేదాకా వసారాలో నిలబెట్టాను. రంగు పూసేసరికి అది మా గజంలాగే కనబడింది. కొలిచి చూడాలని తోచలేదు. ఖాళీ గొట్టంలోకి దించి చూస్తే క్షణంలో తెలిసిపోయేది.

తర్వాత తెలిసిందేమంటే, అది మా తుపాకీ కన్నా పొట్టి గొట్టం ఉన్న తుపాకీ గజం. ఆ గాటు దాని లోతుకి కోసింది. మా గొట్టంలో ఆ గాటు మూతికి వచ్చేసరికి పీచు మందు దాకా చేరనే లేదు. దట్టిస్తుంటే నా చేతికి కొంచెం తేడా తెలిసింది. మందు మీద కూర్చున్నప్పుడు ఉండే గట్టితనం లేదు. ఇంకొంచెం నొక్కుదామనుకున్నాను. ఎర్ర గుర్తు మూతికి వచ్చేసింది. చెయ్యి అబద్ధమాడుద్ది అన్నారు కదా. ఆపేశాను.

మర్నాడు తెల్లవారుతూ ఆయన కాఫీ తాగి, తువ్వాలు తలకి చుట్టుకుని, తుపాకీ భుజాన వేసుకుని వెళ్ళారు. నేను వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నాను. పదకొండేళ్ళుగా విన్న చప్పుడు నాకు తెలుసు. బరువుగా, ఒక్కటిగా వచ్చి, నీళ్ళ మీదుగా అవతలి గట్టుకి తగిలి తిరిగొస్తుంది. ఆ రోజు చిట్లిన చప్పుడు వచ్చింది. తిరిగి రాలేదు. చెంబు చేతిలోనే ఉంది. గట్టు వైపే చూస్తూ నిలబడ్డాను.

పక్క పొలం రైతు ఆయన్ని బండి మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. తలకి చుట్టిన తువ్వాలు ఎడమ చేతికి ఉంది. తెల్ల తువ్వాలు అని చెబితేగానీ తెలియదు. రాజమండ్రి ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు, చూపుడు వేలూ, నడిమి వేలూ. ఉంగరపు వేలు ఉంది గానీ వంగదు. ఎడమ చెవి వినికిడి సగం పోయింది. కళ్ళు దక్కాయి. దేవుడు దయగలవాడని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఏ నోటితో అన్నానో నాకే తెలియదు.

వారం తర్వాత ఎస్సైగారు విచారణకి ఇంటికి వచ్చారు. చీలిన గొట్టాన్నీ, గజాన్నీ బల్ల మీద పెట్టారు. మర్యాదస్తుడు, చిన్నవాడు. మా ఆయన పడక కుర్చీలో ఉన్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"గజం మారిపోయినట్టుందండి మాస్టారూ. మీ గొట్టానికిది పొట్టి. మరి ఈ ఎర్ర రంగు ఎవరేశారండి?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను రెండు చేతులూ కొంగులోకి దూర్చేశాను. చేతులకి ఏ రంగూ లేదు. అయినా దాచాను.

"నేనేనండి" అన్నారు మా ఆయన. "మా ఆవిడ సీసా తీసుకుని పూశాను. చూపు ఆనక."

"దట్టించింది కూడా?"

"నేనేనండి. నా తుపాకీ నేను కాక ఇంకెవరండి?"

ఎస్సైగారు రాసుకున్నారు. ఆయన కుడి చేత్తో సంతకం పెట్టారు. నేను టీ తేవడానికి లోపలికి వెళ్ళిపోయాను. నా మీద కేసు పడకూడదని ఆయన అలా అన్నారని ఆ రోజు అర్థం చేసుకున్నాను. అది నిజమే. కానీ ఆ మాట వెనక నేను ఎంత హాయిగా దాక్కున్నానో తలుచుకుంటే సిగ్గేస్తుంది. పోలీసులకి చెప్పనక్కర్లేదు సరే. ఆయనకి చెప్పొచ్చు కదా? రంగు లేదని చూశాననీ, అనుమానం వచ్చిందనీ, అయినా పూశాననీ. ఆయన మాత్రం స్టేషన్లో సరిగ్గా చూసుకోలేదని తనను తానే తిట్టుకునేవారు. వచ్చినవాళ్ళందరితో "నెంబరు చూశాను గానీ గజం చూడలేదండి, నా ఖర్మ" అనేవారు. నేను పక్కనే ఉండి వినేదాన్ని. ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.

ఆ ఏడాది కంద మేం తవ్వలేదు, పందులే తవ్వుకున్నాయి.

రెండు వేళ్ళకి మనిషి బతుకులో ఎంత పనుందో అవి పోయాకే తెలిసింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకోలేరు. ఒక చేత్తో గుండీ పట్టుకుంటే రెండో చేతికి కాజా చిక్కదు. రోజూ పొద్దున్నే చొక్కా తొడుక్కుని నా ముందుకొచ్చి నిలబడేవారు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని వరసలో నిలబెట్టిన మనిషి. నేను పై నుంచి కిందికి గుండీలు పెట్టేదాన్ని. గుండీల వంకే చూస్తూ పెట్టేదాన్ని, మొహం వంక చూసేదాన్ని కాదు. పెళ్ళి భోజనాల్లో ఇప్పుడంతా నిలబడి తినడమే. పళ్ళెం పట్టుకోలేక ఆయన పెళ్ళిళ్ళకి రావడం మానేశారు. ఒంట్లో బాలేదని నేను చెప్పేదాన్ని. ఇంకో అబద్ధం.

మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. పాటల పుస్తకాన్ని ఆయన మణికట్టుతో గుండెకి అదుముకుని, కుడి చేత్తో పేజీ తిప్పేవారు. ఆరాధన మొదట్లో అందరం లేచి నిలబడి పాపపు ఒప్పుకోలు చదువుతాం. నూట యాభై మంది ఒకే గొంతుతో, ఒకే మాట. అందరూ కలిసి ఒప్పుకునేసరికి ఎవరి పాపమూ ఎవరికీ వినబడదు. నాకది ఎంతో సదుపాయంగా ఉండేది. ప్రతి ఆదివారం గట్టిగా చదివేదాన్ని. ఇంటికొచ్చి అన్నం వడ్డించేదాన్ని. చెప్పాలనుకున్న మాట గొంతు దాకా వచ్చేది. "పులుసు వెయ్యనా?" అని అడిగేదాన్ని.

ఏడాదిన్నర గడిచింది. మళ్ళీ ఎన్నికలొచ్చాయి, ఈసారి పంచాయతీవి. మాకు అప్పగించడానికి తుపాకీ లేదు. ఒకరోజు సాయంత్రం నాలుగు దాటాక వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. పై లంక రైతు, నలభై అయిదేళ్ళుంటాయి. చేతిలో వార్తాపత్రికలో చుట్టిన పొడుగాటి కడ్డీ ఉంది. కాగితం విప్పకుండానే నాకు తెలిసిపోయింది.

"మాస్టారండీ, నేను మీకు తెలీదండి. స్టేషన్లో తుపాకీ ఇవ్వడానికెళ్తే రైటరుగారు మాటల్లో మీ సంగతి చెప్పారండి. ఇది మీదేనేమోనని తెచ్చానండి."

కాగితం విప్పాడు. మా గజం. గాటు చుట్టూ నేను పూసిన ఎర్ర ఉంగరం. ఒక్క పెచ్చు ఊడలేదు.

"పోయినసారి తుపాకులు తిరిగిచ్చినప్పుడు నాకిది వచ్చిందండి. ఇంటికెళ్ళి చూస్తే ఎర్ర రంగుంది. మాదానికి రంగు లేదండి. ఎవరిదో తెలీని గజంతో దట్టించకూడదు కదండీ! పక్కన పెట్టేసి వేరేది చేయించుకున్నాను. ఎవరిదో కనుక్కుందామనే అనుకున్నాను గానీ పనుల్లో పడి కుదరలేదండి. మీదాకా వచ్చుంటే..." అని మా ఆయన చేతి వంక చూసి, మిగతా మాట మింగేశాడు.

"పర్లేదండి. మీరేం చేస్తారు! కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురు గాని" అన్నారు మా ఆయన.

నేను కాఫీ పెట్టాను. పంచదార వేశానో లేదో గుర్తులేదు. ఆ మనిషి రంగు చూసి ఆగాడు. నేను రంగు లేకపోవడం చూసి ఆగలేదు. పొయ్యి ముందు నిలబడి ఈ రెండు మాటలే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. అతను కాఫీ తాగి, రెండు సార్లు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మా ఆయన గజం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కుడి బొటనవేలితో ఆ ఎర్ర ఉంగరాన్ని రుద్దుతున్నారు.

"రంగు పోలేదే" అన్నారు. నాతో కాదు, గజంతో అన్నట్టు.

ఇంక దాగడానికి చోటు లేదు. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఏమండీ, మీరు తెచ్చినదానికి రంగు లేదండి. చూశాను. మనది కాదేమో అనుకున్నాను కూడా. అయినా నేనే పూశాను. దట్టిస్తున్నప్పుడు తేడా తెలిసింది. అప్పుడూ ఆపలేదు. మీ చెయ్యి నేనే తీశానండి."

ఆయన తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఏడాదిన్నరగా నాలో నేను ఎన్నోసార్లు ఆ తిట్లు తినేశాను. ఆయన గజాన్ని ఒళ్ళోంచి తీసి నేల మీద పెట్టారు.

"ఆ సాయంత్రం నాకు వాసనొచ్చింది" అన్నారు. "గోళ్ళరంగు వాసన. గదిలో పేపరు చదువుకుంటున్నాను. ఉన్న రంగు మీద మళ్ళీ ఎందుకేస్తుందీ అనుకున్నాను. లేచొచ్చి చూద్దామనుకున్నాను. బద్ధకించాను."

నేను నేల మీది గజం వంకే చూస్తూ అడిగాను.

"అంటే మీకు మొదటి నుంచీ..."

"తెలుసు. నువ్వు చెబితే నేనూ చెబుదామని చూశాను."

అంతే అన్నారు. కోపంగా అనలేదు. నాకు ఏడుపు రాలేదు. ఏడాదిన్నర ఒకే ఇంట్లో, ఒకే గోడకి చెరో పక్కన కూర్చుని, ఒకరి మాట కోసం ఒకరం ఎదురుచూశాం. చెప్పుకుంటే భారం దిగుతుందని అంటారు. మాకు దిగలేదు. ఇద్దరి భారం ఒకచోట చేరింది, అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ సాయంత్రం మా ఇద్దరికీ తెలిసింది.

ఆ గజాన్ని ఆయనే తీసుకెళ్ళి పశువుల పాక చూరులో దోపారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

మర్నాడు ఎప్పటిలాగే చొక్కా తొడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డారు. నేను గుండీలు పెట్టడం మొదలుపెట్టాను. మూడో గుండీ దగ్గర, ఇన్నాళ్ళకి మొదటిసారి, తలెత్తి ఆయన మొహం వంక చూశాను. ఆయన నా తల మీదుగా లంక వైపు చూస్తున్నారు.